పోలో జీటీకి కాయిలోవర్లు: బీసీ రేసింగా, కేడబ్ల్యూ వీ3నా?

అన్నలూ, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, డ్యాంపరు అంటే షాక్ అబ్జార్బర్ సెట్లు) వేయిద్దామనుకుంటున్నా, ట్రాక్ మీద బండి నడిపేవాళ్ల సలహా కావాలి. ఉండేది చెన్నై తిరువాన్మియూర్‌లో. నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కారు. వారమంతా ఆఫీసుకి అదే, ట్రాక్ డే ఉంటే ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కీ అదే.

మలుపుల్లో బాగా ఒరుగుతోంది, ముందు టైర్ల బయటి అంచులు త్వరగా అరిగిపోతున్నాయి. అంటే ఎత్తు తగ్గిస్తే సరిపోదు, నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండటం) కూడా కావాలి. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపరు ఒకే కాలుగా ఉండే సస్పెన్షన్) కదా, మరీ కిందికి దించితే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) పడిపోయి అసలుకే మోసం. అందుకే 25 మి.మీ. మించి దించను. వెనక స్ప్రింగు, డ్యాంపరు విడివిడిగా ఉంటాయి కాబట్టి అక్కడ పెద్ద చిక్కు లేదు.

బీసీ రేసింగ్ బీఆర్ మోడల్‌లో డ్యాంపర్ గట్టిదనానికి 30 క్లిక్కులు ఉన్నా, ఒకే నాబ్‌తో రీబౌండ్ (డ్యాంపరు సాగేటప్పటి నిరోధం), కంప్రెషన్ (నొక్కుకునేటప్పటిది) రెండూ కలిసే మారతాయి. వీ3లో వేర్వేరుగా మార్చుకోవచ్చు, పైగా బాడీ స్టెయిన్‌లెస్ స్టీలు. సముద్రం పక్కనే ఉండేవాడికి ఇది చిన్న విషయం కాదు, మరలు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఎత్తు మార్చడమే కుదరదు. కానీ ధర చాలా ఎక్కువ.

ఇవి వాడినవాళ్లు చెప్పండి: రోడ్డుకీ ట్రాక్‌కీ కలిపి ముందు స్ప్రింగ్ రేటు (స్ప్రింగు గట్టిదనం) ఎంత పెట్టారు? 5 కేజీ/మి.మీ. చాలుతుందా, మన స్పీడ్ బ్రేకర్ల మీద 7 భరించగలమా? డ్యాంపర్ లీకైతే చెన్నైలోగానీ బెంగళూరులోగానీ విప్పి రీబిల్డ్ చేసేవాళ్లున్నారా?