నాన్న బీపీ బిళ్ళ మార్చాక కాళ్ళు వాస్తున్నాయి, కళ్ళు తిరుగుతున్నాయి. సగం బిళ్ళ వేయొచ్చా?

కొల్లిపర అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను మియాపూర్‌లో ఉంటాను. అమ్మానాన్న తెనాలి దగ్గర కొల్లిపరలో. నాన్నకి 67 ఏళ్ళు, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆరేళ్ళ నుంచి బీపీ. ఇన్నాళ్ళూ రాత్రి అన్నం తిన్నాక అమ్లోడిపిన్ 5 ఒకటి వేసుకునేవారు. పోయిన నెల తెనాలిలో చూపిస్తే 168/96 ఉంది. డాక్టరు గారు మందు మార్చి, టెల్మిసార్టాన్ 40, అమ్లోడిపిన్ 5 రెండూ కలిసిన బిళ్ళ పొద్దున పూట వేసుకోమని రాశారు. రెండు వారాల తర్వాత ఒకసారి రమ్మన్నారు. నాన్న వెళ్ళలేదు. "బానే ఉందిగా, మళ్ళీ ఫీజెందుకు" అన్నారు.

కొత్త బిళ్ళ మొదలుపెట్టి ఇవాళ్టికి 26 రోజులు. మొన్న శనివారం తెల్లవారుజామున మంచం మీంచి లేచి దొడ్లోకి వెళ్తూ తూలి, పంపు దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయారట. అమ్మ కంగారుపడితే "చీకట్లో కాలు జారిందిలే" అని సర్దేశారు. పిల్లకి చెప్పొద్దని కూడా అన్నారు. అమ్మ ఒక రోజు ఆగి ఆదివారం చెప్పేసింది.

వీడియో కాల్‌లో కాళ్ళు చూపించమన్నాను. చెప్పు పట్టీ పడిన చోట గాడి దిగిపోయి ఉంది. చీలమండ దగ్గర ఎముక కనపడ్డమే లేదు. అమ్మ బొటనవేలితో నొక్కితే గుంట పడింది, మేం మాట్లాడుకుంటున్నంతసేపూ అది పూడలేదు. నేను పంపిన మెషీన్‌తో బీపీ చూస్తే 104/62.

నా సందేహాలు: ఈ వాపు మందు వల్లేనా? బీపీ మరీ తగ్గిపోయింది కాబట్టి బిళ్ళని సగం చేసి వేయొచ్చా? లేకపోతే నాలుగు రోజులు ఆపి చూడాలా? మర్చిపోకుండా ఉంటారని వారానికి ఏడు గదులుండే ప్లాస్టిక్ డబ్బా కొనిచ్చాను. ప్రతి ఆదివారం అమ్మ స్ట్రిప్పులోంచి తీసి దాన్ని నింపుతుంది. కాబట్టి లెక్క తప్పే అవకాశం లేదనే అనుకుంటున్నా. డాక్టరు గారి దగ్గర బుధవారం దాకా అపాయింట్‌మెంట్ లేదు. టెన్షన్‌గా ఉంది.

ప్రకృతి ప్రియుడు:

రెండు మందులు కలిపిన బిళ్ళలన్నీ కంపెనీల వ్యాపారం. మా పెదనాన్న అన్నీ ఆపేసి పరగడుపున వెల్లుల్లి, మునగాకు రసం తీసుకుంటున్నారు. గుర్రంలా ఉన్నారు.

మందుల షాపు మావయ్య:

పైన రాసినాయన పెదనాన్న గారు బీపీ ఎప్పుడు చూపించుకున్నారో కూడా రాస్తే బాగుండేది. బీపీ ఎక్కువున్నా మనిషి గుర్రంలానే కనిపిస్తాడు, ఇబ్బంది అంతా అక్కడే. ఇక వ్యాపారం మాట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో బీపీకి ఇలాంటి జోడీ బిళ్ళలు చేర్చింది. టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ జోడీ అందులో ఉంది. ఒకే మందు డోసు పెంచుకుంటూ పోవడం కంటే రెండు మందులు తక్కువ డోసులో ఇస్తే బీపీ బాగా తగ్గుతుంది, ఒక్క బిళ్ళే కాబట్టి జనం మానకుండా వేసుకుంటారు. నాకు వరంగల్‌లో మెడికల్ షాపు ఉంది, 22 ఏళ్ళుగా కౌంటర్‌లో నిలబడి చూస్తున్నదే.

అమ్మా, మీ ప్రశ్నలకొస్తాను. అమ్లోడిపిన్‌తో కాళ్ళ వాపు రావడం మామూలే. డోసు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అయితే టెల్మిసార్టాన్ తోడైనప్పుడు ఆ వాపు కాస్త తగ్గాలి. మీ నాన్నగారికి ఆరేళ్ళు అమ్లోడిపిన్ 5 మీద రాని వాపు, అదే 5 టెల్మిసార్టాన్‌తో కలిపి ఇస్తే ఎందుకొచ్చింది? ఇది నాకు మింగుడుపడటం లేదు.

అందుకే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పూ, బీపీదే కాదు, నొప్పులదీ, గ్యాస్‌దీ, ఆయన దిండు కింద పెట్టుకున్నదీ, అన్నీ కెమెరా ముందు పెట్టించి వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు చూసి మోసపోవద్దు. ఒకే పేరు చివర ఏఎమ్ అని ఉంటే ఒక జోడీ, హెచ్ అని ఉంటే ఇంకో జోడీ, రెండూ కలిపి ఉంటే మూడు మందులు.

సగం చేయొద్దు. ఈ జోడీ చాలావరకు రెండు పొరల బిళ్ళగా వస్తుంది. పక్క నుంచి చూడండి, ఒక వైపు తెల్లగా, ఇంకో వైపు రంగుగా కనిపిస్తుంది. మధ్యలో గీత లేని బిళ్ళ విరిస్తే ఏ ముక్కలో ఎంత మందు వచ్చిందో చెప్పలేం. డోసు తగ్గించాలంటే డాక్టరు తక్కువ డోసుదే రాస్తారు.

ఆ డబ్బా సంగతి కూడా. టెల్మిసార్టాన్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. వేసుకునే ముందే రేకు చించాలి. మీ అమ్మగారు వారానికి సరిపడా బయటికి తీసి పెడితే ఆఖరి రోజుకి బిళ్ళ మెత్తబడొచ్చు. డబ్బాయే కావాలంటే రేకుతో సహా కత్తెరతో ముక్కలు చేసి గదుల్లో వేయమనండి. మందు పేరు, ఎక్స్‌పైరీ ఉన్న కొస మాత్రం ఆఖర్న కత్తిరించాలి.

సొంతంగా ఆపడం మీద ఒక్క మాట. కొన్ని బీపీ జోడీల్లో అటెనలాల్ లాంటివి ఉంటాయి. అవి ఉన్నట్టుండి ఆపితే గుండెకి ప్రమాదం. ముందు ఏం వేసుకుంటున్నారో తేలనివ్వండి.

కొల్లిపర అమ్మాయి:

మావయ్య గారూ, మీకు దండం పెట్టాలి.

ఇప్పుడే గంటసేపు వీడియో కాల్ చేశాను. అమ్మ అలమర అరలోవి అన్నీ తెచ్చి మంచం మీద పరిచింది. కొత్త బిళ్ళ స్ట్రిప్పు ఉంది. పక్కనే పాత అమ్లోడిపిన్ స్ట్రిప్పులు. మందు మార్చే ముందు వారమే నాన్న నెలన్నరకి సరిపడా కొన్నారట, డిస్కౌంట్ వస్తుందని. పాతవి ఎందుకు పారేయలేదు నాన్నా అంటే, "పారేయడమేంటే, డబ్బులు పెట్టి కొన్నవి. కొత్తది పొద్దున రాశాడు. పాతది రాత్రి ఎలాగూ ఉండేదేగా" అన్నారు.

ఆపమని చీటీలో రాయలేదు కాబట్టి ఆపలేదు. టికెట్ మిషన్ లెక్క రూపాయి తేడా రానివ్వని మనిషి కదా, రాసింది రాసినట్టు పాటించారు. కొత్తది బీపీ బాగా ఎక్కువైందని అదనంగా ఇచ్చారనుకున్నారు. మందు మార్చే రోజుకి మూడు స్ట్రిప్పులు, 45 బిళ్ళలు ఉన్నాయి. ఇప్పుడు 19. అంటే 26 రాత్రులూ వేసుకున్నారు. రోజుకి 10 అమ్లోడిపిన్, పైన టెల్మిసార్టాన్. నా ఏడు గదుల డబ్బాలో పొద్దున బిళ్ళ లెక్క మాత్రం చక్కగా ఉంది!

ఇంకోటి కూడా దొరికింది. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళ. చదివిస్తే డైక్లోఫెనాక్. మూడు వారాల నుంచి రోజూ ఒకటి. ఇది నొప్పిది, దీనికీ బీపీకీ ఏం సంబంధం అని నాన్న వాదన.

మందుల షాపు మావయ్య:

సంబంధం బోలెడుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పునీరు నిలవ చేస్తాయి. కాళ్ళ వాపులో దాని వాటా కూడా ఉండొచ్చు. అవి మామూలుగా బీపీని పెంచుతాయి, టెల్మిసార్టాన్ జాతి మందులతో కలిస్తే కిడ్నీ మీద భారం. వాటికి నీటి బిళ్ళ (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) కూడా తోడైతే మరీ చేటు. ఆర్‌ఎంపీ ఇచ్చినా, మా బోటి షాపువాళ్ళు ఇచ్చినా, బీపీ బిళ్ళ వాడుతున్నామని ముందు చెప్పాల్సిందే.

బుధవారం దాకా ఆగకండి. ఆ ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేసి, రెండు స్ట్రిప్పుల పేర్లూ, నొప్పి బిళ్ళ పేరూ, 104/62 రీడింగూ చెప్పి రాత్రిది ఏం చేయాలో అడగండి. ఇంకోటి, అమ్లోడిపిన్ ఒంట్లోంచి నిదానంగా పోతుంది. ఎక్కువైనది ఆపినా పూర్తిగా పోవడానికి వారం పైనే పడుతుంది. రేపటికల్లా వాపు తీయలేదని కంగారు పడకండి.

సబ్‌సెంటర్ అక్క:

నేను నల్గొండ జిల్లాలో ఏఎన్‌ఎంగా చేస్తున్న. రోజూ చూసేదే ఇది. ఒక గోలీ మన దగ్గర ఫ్రీగ తీసుకుంటరు, ఇంకోటి ప్రైవేటుల రాయించుకుంటరు, రెండిట్ల ఉండేది ఒక్కటే మందు. అడిగితే "ఇది తెల్లది, అది ఎర్రది" అంటరు.

నాన్నగారికి బీపీ ఎట్ల చూస్తున్నరు? కాఫీ, చాయ్ తాగి అర్ధగంట గాకముందే చూడొద్దు. మూత్రానికి పోయొచ్చి, కుర్చీల వీపు ఆనిచ్చి అయిదు నిమిషాలు కూసోవాలె. కాళ్ళు నేలకు ఆనాలె, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలె, మాట్లాడొద్దు. రెండుసార్లు చూసి రెండూ రాసిపెట్టున్రి. కళ్ళు తిరుగుతున్నయంటున్నరు గనుక ఆ తర్వాత నిలబెట్టి ఒక నిమిషమైనంక ఒకసారి, మూడు నిమిషాలైనంక ఇంకోసారి కూడా చూడున్రి. నిలబడంగనే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు తప్పకుండ చెప్పాలె. తెల్లారుజామున లేచేటప్పుడు ముందు మంచం అంచు మీద కాళ్ళు వేలాడేసి కూసోమనున్రి, లైటేసినంకనే లేవమనున్రి.

సొమ్మసిల్లి పడిపోయినా, ఛాతీల నొప్పొచ్చినా, ఆయాసమొచ్చినా, పెదాలు, మొహం వాచినా ఫోన్లు చేసుకుంట కూసోవద్దు, 108కి చెయ్యున్రి.

ఇంట్ల బీపీ కోసమని తక్కువ సోడియం ఉప్పు గిట్ల కొన్నరా? అండ్ల సోడియం బదులు పొటాషియం ఉంటది. టెల్మిసార్టాన్ కూడా పొటాషియంను పెంచుతది. డాక్టర్‌ను అడగకుండ వాడొద్దు. మామూలు ఉప్పే తగ్గించున్రి, ఊరగాయ, అప్పడం సహా.

ఖమ్మం చిన్నోడు:

వాపు కోసం నీటి బిళ్ళ ఉన్న జోడీకి మార్చమని ఎవరైనా సలహా ఇస్తారేమో, జాగ్రత్త. మా అమ్మకి టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన బిళ్ళ ఉండేది. చాలామందికి బాగానే పడుతుందట. అమ్మకి పోయిన మే నెలలో, ఖమ్మం ఎండల్లో, రెండు రోజులు విరేచనాలయ్యాయి. అయినా బిళ్ళ మానకూడదని వేసుకుంటూనే ఉంది. మూడో రోజు నన్ను మా మావయ్య పేరుతో పిలిచింది. పొయ్యి మీద పాలు పొంగి పోతుంటే చూస్తూ కూర్చుంది. వయసు మీద పడిందనుకున్నాం. రక్తపరీక్షలో సోడియం 119. ఉండాల్సింది 135 పైన. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో బిళ్ళ వేసుకోవాలా ఆపాలా అని డాక్టర్‌ని ముందే అడిగి, చీటీ మీద రాయించుకోండి. మాకు అది ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కొల్లిపర అమ్మాయి:

రెండు వారాలైంది, అప్‌డేట్ ఇవ్వకపోతే బాగోదు.

ఆ రోజే ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు పాత అమ్లోడిపిన్, డైక్లోఫెనాక్ రెండూ వెంటనే ఆపమన్నారు. బుధవారం నేనే ఊరెళ్ళి తీసుకెళ్ళాను. స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని పోయి బల్ల మీద పరిచాను. డాక్టరు గారు చూసి నవ్వలేదు. చీటీ మీద "పాత అమ్లోడిపిన్ ఆపాలి" అని తెలుగులో రాసి కింద గీత గీశారు. మొదటి చీటీలోనే ఆ ఒక్క ముక్క ఉంటే సరిపోయేది, అని నాకు అనిపించింది గానీ అనలేదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) 1.1, పొటాషియం 4.6 వచ్చాయి, ఫర్వాలేదన్నారు. నొప్పికి అవసరమైతే పారాసెటమాల్. ఉదయం జోడీ బిళ్ళ అలాగే కొనసాగించమన్నారు. వాపు అలాగే ఉంటే అమ్లోడిపిన్ బదులు సిల్నిడిపిన్ ఉన్నది చూద్దామన్నారు. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దని నాన్నకి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

సిల్నిడిపిన్‌కి మార్చే అవసరం రాలేదు. పన్నెండో రోజుకి చీలమండ ఎముక బయటపడింది. అక్క చెప్పినట్టే చూస్తున్నాం: కూర్చుంటే 132/80, నిలబడ్డాక 126/78. నాన్న ఆ అంకెలన్నీ పాత వేబిల్లు ఫారాల వెనక, తేదీ వేసి మరీ రాస్తున్నారు. ఏడు గదుల డబ్బా మాత్రం చేతులు మారింది. సోమవారం గదిలో వక్కపొడి, మంగళవారంలో లవంగాలు, మిగతావి ఇంకా ఖాళీ.

మిగిలిన 19 బిళ్ళలు వృథా పోతాయని నాన్న బాధ. ఎదురింటి బాబాయికీ బీపీయేగా, ఆయనకిస్తానన్నారు. పిన్నిని అడిగి బాబాయి స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదివాను. టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్. ఆ 19 నా హ్యాండ్‌బ్యాగ్‌లో మియాపూర్ వచ్చేశాయి.