తాతగారి వెండి చెంచాలు: నలుపు పోయేదెలా?

గుంతకల్లు మనవరాలు: తాతగారు రైల్వేలో ఉన్నప్పుడు ఒక దొర ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిన టీ పాత్ర, ఆరు చెంచాలు అటక మీద దొరికాయి. బొగ్గులా ఉన్నాయి. చెంచాల వెనక సింహం, లంగరు, అక్షరంలాంటిదేదో ముద్రలున్నాయి. అసలు వెండేనా? పండగకు బల్ల మీద పెట్టవచ్చా?

ఆదోని అన్న: సంకటి తినడానికి చెంచాలెందుకమ్మా! కరిగించి ఒక కంచం చేయించుకోండి.

ప్రొద్దుటూరు గీటురాయి: ఇలాంటి సలహాలతోనే సగం పాత వెండి కొలిమి పాలైంది. కరిగిస్తే మిగిలేది తూకం ధర, అందులోనూ తరుగు కోత. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, చెబుతున్నా వినండి. నడిచే సింహమైతే స్టెర్లింగ్, వెయ్యికి 925 పాళ్లు వెండి. లంగరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వెండిని పరీక్షించి వేసే గుర్తు. ఆ అక్షరం ఫొటో పెట్టండి, ఏ సంవత్సరందో చెబుతాను.

కడప కోడలు: నలుపుకు చింతపండు, ఆపైన విభూతి. ఇంకేమీ అక్కర్లేదు.

కర్నూలు మాస్టారు: విభూతితో రుద్దితే నలుపుతోపాటు వెండీ పోతుందమ్మా. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, మరిగిన నీళ్లు పోసి, వంటసోడా వేసి, చెంచా రేకుకు తగిలేలా ఉంచండి. వెండిని పట్టిన గంధకం వదిలిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారుపడకండి.

ప్రొద్దుటూరు గీటురాయి: మాస్టారూ, అప్పుడు చెక్కడం లోతుల్లోని నలుపూ పోయి స్టీలు చెంచాలా తెల్లబోతుంది. పాత వస్తువుకు ఆ నీడే అందం. పుస్తకంలో అది రాయరు.

కడప కోడలు: నలభై ఏళ్లుగా విభూతితో తోముతున్న మా కుంకుమ భరిణె ఎక్కడికీ పోలేదు!

కర్నూలు మాస్టారు: మూత మీది లక్ష్మీదేవికి ముక్కు ఉందేమో చూడండి.

కడప కోడలు: లేదు. అయినా ఆడవాళ్లతో ఇలాగేనా మాట్లాడేది?

అనంతపురం రైతు: నేనూ వెండి అనే నమ్మి తూకానికి కొన్నాను. ఇంటికొచ్చి తిరగేస్తే ఈపీఎన్ఎస్ అని ఉంది. నికెల్ కలిసిన లోహం మీద వెండి పూత! అమ్మిన పెద్దమనిషి తర్వాత ఫోనెత్తలేదు. టీ పాత్ర అడుగు చూడండి ముందు.

కడప కోడలు: కోడిగుడ్డు పులుసులో మాత్రం ఆ చెంచా పెట్టకండి. తెల్లారేసరికి మళ్లీ నల్లబడుతుంది. ఇదైనా ఒప్పుకుంటారా మాస్టారూ?

కర్నూలు మాస్టారు: ఒప్పుకుంటాను. గుడ్డులోనూ గంధకమే.

గుంతకల్లు మనవరాలు: టీ పాత్ర అడుగున ఈపీఎన్ఎస్సే ఉంది. చెంచాలకు సింహం ఉంది గానీ, భూతద్దం పెట్టినా అక్షరం తెలియడం లేదు. అమ్మనడిగితే, అవ్వ ప్రతి శుక్రవారం విభూతితో తోమేదట.