ఎన్‌బీఏ ఆటగాళ్ళ కాలేజీ, దేశం: పిల్లల క్విజ్‌కి సరైన జవాబు ఏదని ఖాయం చేసుకోవాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతికి మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ కలిసి పిల్లలకి క్విజ్ పెడుతున్నాం. అందరూ 9 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలు, బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెడతారు. అందుకని ఒక రౌండ్ మొత్తం ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారన్న దాని మీదే ఉంటుంది.

కిందటేడు ఈ రౌండ్‌లోనే గొడవైంది. జోయెల్ ఎంబీడ్ ఎక్కడివాడు అని అడిగాను. ఒక బాబు "కాన్సస్" అన్నాడు, అవతలి టీమ్‌లో పాప "కామెరూన్" అంది. నా కార్డు మీద కామెరూన్ అని ఉంది కాబట్టి మార్కు పాపకే ఇచ్చాను. ఆ బాబు వాళ్ళ నాన్న ఫోన్‌లో ఎన్‌బీఏ పేజీ తెరిచి, కాన్సస్ అని రాసి ఉన్న గడి మీద వేలు పెట్టి చూపించాడు. అప్పటికే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాం. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చాక కూడా నాకు మనసు కుదుటపడలేదు.

ఈసారి ముందే పట్టిక రాసుకుంటున్నాను. పేరు, కాలేజీ, దేశం అని మూడు గళ్ళు గీశాను. అందులో సగం నిండటం లేదు. లెబ్రాన్ జేమ్స్‌కి కాలేజీ గడి ఖాళీ. లూకా దోన్చిచ్‌కి స్లొవేనియా అని రాయాలా, స్పెయిన్ అని రాయాలా? కైరీ అర్వింగ్ ఆస్ట్రేలియాలో పుట్టాడంటున్నారు, మరి అమెరికావాడు కాదా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

అమ్మా, ఆ ఇద్దరు పిల్లలూ సరిగ్గానే చెప్పారు. తేడా అంతా ప్రశ్నలో ఉంది. ఎన్‌బీఏ పేజీలో దేశం ఒక గడిలో, చివరగా ఆడిన కాలేజీ లేదా క్లబ్ ఇంకో గడిలో ఉంటాయి. పాప మొదటిది చెప్పింది, బాబు రెండోది చెప్పాడు.

మనలో మనం "మీదే ఊరండీ?" అని అడిగితే ఏం చెప్తామో ఒకసారి చూడండి. పురుడు పుట్టింట్లో పోస్తారు కాబట్టి మనం పుట్టింది అమ్మమ్మగారి ఊళ్ళో. పెరిగింది నాన్నకి ఉద్యోగం ఉన్న ఊళ్ళో. చదివింది హాస్టల్లో ఉండి ఇంకెక్కడో. ఇంటిపేరులో ఉండేది తాతముత్తాతలు ఎప్పుడో వదిలేసి వచ్చిన ఊరు. ఆటగాళ్ళ సంగతీ అంతే. పుట్టిన చోటు, పెరిగిన చోటు, ఎన్‌బీఏకి ముందు ఆడిన చోటు, జాతీయ జట్టు... ఈ నాలుగూ వేర్వేరు ప్రశ్నలు. మీ పట్టికలో మూడు గళ్ళ బదులు అయిదు పెట్టుకోండి, సగం ఇబ్బంది తీరుతుంది.

ఎంబీడ్‌నే చూడండి. పుట్టింది కామెరూన్ రాజధాని యావుందేలో. 16 ఏళ్ళకి ఫ్లోరిడా వచ్చి హైస్కూల్లో చేరాడు. కాన్సస్ యూనివర్సిటీకి ఒక్క సీజన్ ఆడాడు. డ్రాఫ్ట్ అంటే ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకోవడం, పిక్ అంటే ఆ వరసలో వచ్చిన స్థానం. 2014 డ్రాఫ్ట్‌లో 3వ పిక్‌గా ఫిలడెల్ఫియా తీసుకుంది. 2022లో అమెరికా పౌరసత్వం వచ్చింది, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టులో ఆడి బంగారు పతకం గెలిచాడు. ఇప్పుడు "ఏ దేశం?" అని ఊరికే అడిగితే కార్డు మీద ఏం రాస్తారు? "పుట్టిన దేశం" అనో "2024 ఒలింపిక్స్‌లో ఆడిన దేశం" అనో అడిగితే తగవే రాదు.

ఇక కాలేజీ గడి ఎందుకు ఖాళీగా ఉంటుందంటారా? యూరప్‌లో ఆటకి చదువుతో ముడి లేదు. అక్కడ క్లబ్బులే పిల్లల్ని చిన్నప్పుడే చేర్చుకుని తయారు చేస్తాయి. మన క్రికెటర్ గురించి మాట్లాడేటప్పుడు కూడా ఏ కాలేజీ అని అడగం, రంజీ ఏ జట్టుకి ఆడాడు అంటాం. లూకా స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో పుట్టాడు. 13 ఏళ్ళకే ఇల్లు వదిలి రియల్ మాడ్రిడ్ కుర్రాళ్ళ జట్టులో చేరాడు. 16 ఏళ్ళకి పెద్దవాళ్ళ జట్టులో ఆడాడు. కాబట్టి దేశం స్లొవేనియా, చివరి క్లబ్ రియల్ మాడ్రిడ్. స్పెయిన్ అన్నది క్లబ్ ఉన్న దేశం మాత్రమే. నికోలా యోకిచ్ సెర్బియాలోని సోంబోర్ ఊరివాడు, ఆడింది మెగా అనే క్లబ్బుకి. 2014లో 41వ పిక్‌గా అతని పేరు వచ్చినప్పుడు అమెరికా టీవీలో ఒక తిండి ప్రకటన నడుస్తోంది. అంటే ఆ క్షణాన్ని ఇక్కడ టీవీ ముందు కూర్చున్నవాళ్ళు చూడనేలేదు. తర్వాత అతను 2021, 2022, 2024లో మూడుసార్లు ఎంవీపీ (సీజన్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. యానిస్ ఆంటెటోకూంపో నైజీరియా తల్లిదండ్రులకి ఏథెన్స్‌లో పుట్టాడు, గ్రీసు రెండో డివిజన్ క్లబ్ నుంచి నేరుగా 2013లో 15వ పిక్‌గా మిల్వాకీ వచ్చాడు.

లెబ్రాన్ సంగతి వేరు. అతని గడిలో ఖాళీ వదలకండి, హైస్కూల్ పేరు రాయండి: ఒహాయోలోని ఏక్రన్ ఊళ్ళో ఉన్న సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ. అప్పట్లో హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్‌కి వెళ్ళొచ్చు. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ అలా వచ్చినవాళ్ళే. 2005లో లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఒప్పందం మారింది. 2006 డ్రాఫ్ట్ నుంచి ఆ ఏడాదికి 19 ఏళ్ళు నిండాలి, అమెరికా పిల్లలైతే వాళ్ళ హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చి ఒక ఏడాది గడవాలి. అందుకే చాలామంది కాలేజీలో ఒక్క ఏడాది ఆడి వచ్చేస్తారు. ఆ ఏడాదిలో కూడా కైరీ గాయం వల్ల డ్యూక్ యూనివర్సిటీకి ఆడింది 11 మ్యాచ్‌లే, అయినా 2011లో మొదటి పిక్ అతనే.

అడిగినవారు

గారూ, చాలా చాలా థ్యాంక్స్. ఊరి పోలిక చెప్పాక టక్కున అర్థమైంది. మా ఇంటిపేరు ఊరు నేను ఇంతవరకూ చూడనేలేదు! కైరీ ఆస్ట్రేలియాలో ఎందుకు పుట్టాడో కూడా చెప్పండి. మా అబ్బాయి తప్పకుండా అడుగుతాడు.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

నాన్న ఉద్యోగం వల్ల అమ్మా. కైరీ వాళ్ళ నాన్న మెల్‌బోర్న్‌లో ఒక క్లబ్బుకి బాస్కెట్‌బాల్ ఆడేవాడు. 1992లో కైరీ అక్కడ పుట్టాడు, రెండేళ్ళకే కుటుంబం అమెరికా వచ్చేసింది, పెరిగింది న్యూజెర్సీలో. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికాకే ఆడాడు.

ఇలాంటివాళ్ళు మీ పట్టికలో ఇంకా తగులుతారు. మన దగ్గర బ్యాంకు ఉద్యోగుల పిల్లలు ట్రాన్స్‌ఫర్ అయిన ఊళ్ళో పుట్టినట్టే. డొమంటాస్ సబోనిస్ పుట్టింది ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో, ఎందుకంటే అప్పుడు వాళ్ళ నాన్న అర్విదాస్ అక్కడి ఎన్‌బీఏ జట్టులో ఆడుతున్నాడు. పెరిగింది స్పెయిన్‌లో, కాలేజీ గొంజాగా, జాతీయ జట్టు లిథువేనియా. టోనీ పార్కర్ ఫ్రాన్స్‌వాడు, పుట్టింది బెల్జియంలో. కోబీ ఫిలడెల్ఫియాలో పుట్టినా 6 నుంచి 13 ఏళ్ళ దాకా ఇటలీలో పెరిగాడు. స్టెఫెన్ కరీ కూడా లెబ్రాన్ పుట్టిన ఏక్రన్‌లోనే పుట్టాడు, అప్పుడు వాళ్ళ నాన్న డెల్ క్లీవ్‌లాండ్‌కి ఆడుతున్నాడు. స్టెఫెన్ పెరిగింది షార్లట్‌లో, కాలేజీ డేవిడ్‌సన్. "నాన్న ఆట వల్ల వేరే చోట పుట్టినవాళ్ళు, పెరిగినవాళ్ళు" అని వీళ్ళందరినీ కలిపి ఒక ప్రత్యేక రౌండ్ పెట్టండి, పిల్లలకి భలే నచ్చుతుంది.

మా హ్యూస్టన్ వాడిని కూడా మర్చిపోకండి. హకీమ్ ఒలాజువాన్ నైజీరియాలోని లాగోస్‌లో పుట్టి, అక్కడ హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడుకున్న కుర్రాడు. హైస్కూల్ వయసులో గాని బాస్కెట్‌బాల్ పట్టుకోలేదు. చదివింది యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్, 1984లో మొదటి పిక్‌గా తీసుకుంది హ్యూస్టన్ రాకెట్స్. మైకేల్ జోర్డన్ ఆ ఏడాది 3వ పిక్. 1994, 1995 రెండేళ్ళూ కప్పు ఈ ఊరికి తెచ్చాడు. విదేశంలో పుట్టి, ఇక్కడి కాలేజీలో చదివి, అదే ఊరి జట్టుకి ఆడిన ఇంతటి ఆటగాడు నాకు ఇంకొకరు గుర్తు రావడం లేదు.

మీ హాల్లో కూర్చునే తల్లిదండ్రుల కోసం ఒకటి చెప్తాను. డికెంబే ముటాంబో కాంగో నుంచి జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి స్కాలర్‌షిప్ మీద వచ్చింది డాక్టర్ అవుదామని. అక్కడ కోచ్ జాన్ థాంప్సన్ కంట్లో పడి ఆటలోకి వచ్చాడు. 1991లో 4వ పిక్. డాక్టర్ కాలేకపోయినా 2007లో కిన్షాసాలో వాళ్ళమ్మ పేరు మీద 300 పడకల ఆసుపత్రి కట్టించాడు. కాలేజీ ప్రశ్నకి జవాబు "జార్జ్‌టౌన్" అని చెప్పాక ఈ రెండు ముక్కలూ చదవండి.

జవాబు (మెల్‌బోర్న్ నుంచి)

అక్కా, కైరీని మా ఊరివాడు అని చెప్పుకుంటాం గానీ నిజంగా ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు వేరే ఉన్నారు. బెన్ సిమన్స్ ఇక్కడే పుట్టాడు, అమెరికాలో హైస్కూల్, ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఒక ఏడాది, 2016లో మొదటి పిక్. జోష్ గిడ్డీ మాత్రం అమెరికా కాలేజీ మెట్లెక్కలేదు. అడిలైడ్ క్లబ్బుకి ఆడి 2021లో 6వ పిక్ అయ్యాడు. ఒకే ఊరు, రెండు దారులు. ఇద్దరినీ ఒకే కార్డు మీద పెడితే బాగుంటుంది.

ఇంకో సంగతి. క్యాలిఫోర్నియాలో సెయింట్ మేరీస్ అని చిన్న కాలేజీ ఉంది. ప్యాటీ మిల్స్, మాథ్యూ డెలవెడోవా ఇద్దరూ ఆస్ట్రేలియా నుంచి అక్కడికే వెళ్ళారు. డ్యూక్, కెంటకీ పేర్లు పిల్లలందరికీ నోటికి వచ్చు కాబట్టి ఇలాంటి కాలేజీలు కూడా పెట్టండి.

దీనికి తిరగబడిన కేసు కూడా ఒకటుంది, జాగ్రత్త. లామెలో బాల్ క్యాలిఫోర్నియా కుర్రాడు, కానీ ఎన్‌బీఏకి ముందు ఆడింది మా ఇల్లవారా హాక్స్‌కి. క్లబ్ ఆస్ట్రేలియాదే గానీ మనిషి అమెరికా. అతని దేశం గడిలో ఆస్ట్రేలియా అని మాత్రం రాయకండి.

అడిగినవారు

చెల్లెమ్మా, లామెలోకి నేను ఆస్ట్రేలియా అనే రాసుకున్నాను! ఇప్పుడే కొట్టేశాను. ఇంకొక్క డౌట్. "ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారతీయుడు ఎవరు?" అనే ప్రశ్నకి సత్నామ్ సింగ్ అని రాశాను. అది కరెక్టే కదా?

జవాబు (హ్యూస్టన్ నుంచి)

కాదమ్మా. దీని మీదే ఎక్కువ మంది పొరబడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

సత్నామ్ సింగ్ భమారాది పంజాబ్‌లోని బల్లోకే అనే చిన్న పల్లె. లుధియానా అకాడమీలో ఆట నేర్చుకుని, 2010లో స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వచ్చాడు. అప్పటికి ఇంగ్లీషు కూడా సరిగ్గా రాని పిల్లాడు. 7 అడుగుల 2 అంగుళాల ఎత్తు. 2015 డ్రాఫ్ట్‌లో 52వ పిక్‌గా మీ డాలస్ మావరిక్స్ తీసుకుంది. డ్రాఫ్ట్ అయిన మొదటి భారతీయుడు అతనే. కాలేజీకి వెళ్ళలేదు కాబట్టి ఆ గడిలో ఐఎంజీ అకాడమీ అని రాయాలి. అయితే ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఆడింది కింది లీగ్‌లో టెక్సస్ లెజెండ్స్‌కి, అదీ మీ ఫ్రిస్కోలోనే! మీ పక్కింటివాళ్ళలో ఎవరో ఒకరు అతని ఆట చూసే ఉంటారు, అడిగి చూడండి.

కోర్టులోకి దిగింది సిమ్ భుల్లర్. 7 అడుగుల 5 అంగుళాల మనిషి. తల్లిదండ్రులు పంజాబ్ నుంచి వెళ్ళినవాళ్ళు, అతను పుట్టింది కెనడాలోని టొరంటోలో, కాలేజీ న్యూ మెక్సికో స్టేట్. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, అయినా 2015 ఏప్రిల్‌లో సాక్రమెంటో కింగ్స్‌కి 3 మ్యాచ్‌లు ఆడాడు. కాబట్టి "ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడు" అని అడిగితే భుల్లర్, "డ్రాఫ్ట్ అయిన మొదటి భారతీయుడు" అని అడిగితే సత్నామ్. మీరు రాసిన మాటలకైతే జవాబే లేదు. ఈ తేడాని పిల్లలకి తప్పక వివరించండి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఇది తమ సొంత విషయం.

మరొకటి, జవాబుకి తేదీ వేసుకోండి. 2024-25 సీజన్ మొదలైన రోజున లీగ్‌లో 43 దేశాల నుంచి 125 మంది అంతర్జాతీయ ఆటగాళ్ళు ఉన్నారు. కెనడావాళ్ళే అందరికన్నా ఎక్కువ. ఆ అంకె ఏటా మారుతుంది కాబట్టి ఏడాది చెప్పకుండా అడగొద్దు. అలాగే కాలేజీలు మారినవాళ్ళకి "చివరగా" అనే మాట చేర్చండి. జిమ్మీ బట్లర్ మొదట మన టైలర్ జూనియర్ కాలేజీలో ఒక ఏడాది, తర్వాత మార్కెట్ (Marquette) యూనివర్సిటీలో మూడేళ్ళు ఆడాడు. డ్రాఫ్ట్ చేసిన టీమ్, మొదట ఆడిన టీమ్ కూడా కలపొద్దు. లూకాని డ్రాఫ్ట్ చేసింది అట్లాంటా, ఆ రాత్రే డాలస్‌కి మార్చారు.

అడిగినవారు

గారూ, రాత్రి కూర్చుని కార్డులన్నీ తిరగరాశాను. ముందు ఆ బాబు వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మీ వాడు చెప్పింది కరెక్టేనని చెప్పాను. ఆవిడ ఫోన్ వాడికే ఇచ్చారు. "ఆంటీ, మరి ఈసారి రెండూ అడుగుతారా?" అన్నాడు. అడుగుతానన్నాను. ఈ నాలుగూ ఒకసారి చూసి పెట్టండి.

జోయెల్ ఎంబీడ్ పుట్టిన దేశం ఏది, ఆడిన కాలేజీ ఏది? కామెరూన్, కాన్సస్. రెండూ చెప్తేనే పూర్తి మార్కు.
లూకా దోన్చిచ్ ఎన్‌బీఏకి రాకముందు చివరగా ఏ క్లబ్బుకి ఆడాడు? రియల్ మాడ్రిడ్.
జిమ్మీ బట్లర్ టెక్సస్‌లో ఆడిన కాలేజీ ఏది? టైలర్ జూనియర్ కాలేజీ.
శాంటా క్లారా కాలేజీకి ఆడిన స్టీవ్ నాష్ ఏ దేశంలో పుట్టాడు? కెనడా.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

మొదటి మూడూ బాగున్నాయమ్మా. నాలుగోది మార్చండి. నాష్ పెరిగింది కెనడాలోని విక్టోరియాలో, జాతీయ జట్టూ కెనడానే. పుట్టింది మాత్రం దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో. "ఏ దేశ జాతీయ జట్టుకి ఆడాడు?" అని మారిస్తే మీ జవాబు అలాగే ఉంచుకోవచ్చు.