ఎడ్యుకేషనల్ అసెస్‌మెంట్‌లో మాస్టర్స్: ఎక్కడ చదవాలి, ముందు ఏం నేర్చుకోవాలి?

లెక్కల_టీచర్:
ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్ అయ్యాయి. తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్‌ని. పరీక్షలు, మూల్యాంకనం మీదే మాస్టర్స్ చేయాలనుంది. వెతికితే ఒక్కోచోట ఒక్కో పేరు: అసెస్‌మెంట్, మెజర్‌మెంట్, ఎవాల్యుయేషన్, సైకోమెట్రిక్స్. ఇవన్నీ ఒకటేనా? ఉద్యోగం మానకుండా చదివేవి ఉన్నాయా? నాకొచ్చిన స్టాటిస్టిక్స్ బీఎడ్‌లో చెప్పినంతే: సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధ గుణకం. దరఖాస్తుకు ముందు ఇంకేం రావాలి? తిరిగొస్తే ఇక్కడ పని దొరుకుతుందా?

లాజిట్:
ఒకటి కావండి. ఎవాల్యుయేషన్ అంటే ఎక్కువ చోట్ల పథకాల మూల్యాంకనం. మధ్యాహ్న భోజనం వల్ల హాజరు పెరిగిందా, ఈ శిక్షణ పనిచేసిందా అనే రకం. అసెస్‌మెంట్ అంటే పరీక్షల రూపకల్పన, తరగతి గది మూల్యాంకనం, పరీక్షా విధానాలు. మెజర్‌మెంట్, సైకోమెట్రిక్స్ అంటే ఆ మార్కుల వెనకున్న గణితం. అయితే డిగ్రీ పేరు చూసి ఏదేదో తేల్చుకోలేం, సబ్జెక్టుల జాబితా తెరవాల్సిందే. అందులో ఐటమ్ రెస్పాన్స్ థియరీ (ప్రశ్న కాఠిన్యతనూ పిల్లల సామర్థ్యాన్నీ ఒకే కొలమానం మీద లెక్కగట్టే పద్ధతి), ఈక్వేటింగ్ (వేర్వేరు పేపర్ల మార్కులను పోల్చదగ్గవిగా చేయడం), స్టాండర్డ్ సెట్టింగ్ (పాస్ మార్కు ఎక్కడ పెట్టాలో తేల్చడం), వాలిడిటీ (పరీక్ష కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది) అనేవి విడివిడి కోర్సులుగా ఉన్నాయా? ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌తో ల్యాబ్ ఉందా? ఒక్క రీసెర్చ్ మెథడ్స్ పేపర్ పెట్టి మిగతాదంతా పాలసీ అయితే రెండేళ్లూ వ్యాసాలు రాయడమే సరిపోతుంది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసినవాళ్లు అందులో చేరడం నా లెక్కన దండగ.

ఉద్యోగం మానకుండా అంటే ముందు చూడాల్సింది ఆక్స్‌ఫర్డ్ ఎమ్మెస్సీ ఎడ్యుకేషనల్ అసెస్‌మెంట్. పార్ట్‌టైమ్, రెండేళ్లు. పరీక్షా బోర్డుల్లో, విద్యాశాఖల్లో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని నడిపే కోర్సు. సిద్ధాంతం, విధానం పాళ్లు ఎక్కువ, గణితం తక్కువ. వెళ్లి చదివే వాటిలో ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ల అసెస్‌మెంట్, మెజర్‌మెంట్ అండ్ ఎవాల్యుయేషన్ మాస్టర్స్ ఉంది. రెండేళ్లు, 120 క్రెడిట్లు, ఇంగ్లిష్‌లోనే బోధన. గణితం బాగా ఉంటుంది. నార్వేలో చదువు ఉచితం అనే పాత మాట మాత్రం నమ్మకండి. 2023 నుంచి యూరప్ బయటివాళ్లకు ఫీజు పెట్టారు.

అమెరికాలో యూమాస్ ఆమ్‌హర్స్ట్, ఐయోవా, బోస్టన్ కాలేజీ ఈ రంగంలో పాత పేర్లు. టిమ్స్ (లెక్కలు, సైన్స్), పర్ల్స్ (చదవడం) అనే అంతర్జాతీయ సర్వేల కేంద్రం బోస్టన్ కాలేజీలోనే ఉంది. కెనడాలో యూబీసీకి మెజర్‌మెంట్, ఎవాల్యుయేషన్, రీసెర్చ్ మెథడాలజీ అనే విభాగం ఉంది. అమెరికాలో సైకోమెట్రీషియన్ అనే హోదాకు చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. మాస్టర్స్‌తో దొరికేది సాధారణంగా అనలిస్ట్ స్థాయి.

బిట్‌పేపర్:
దరఖాస్తుకు ముందు ఏం రావాలంటే, ఒక పరీక్ష డేటా తీసుకుని ఐటమ్ అనాలిసిస్ చేయడం, అంటే ఒక్కో ప్రశ్న ఎలా పనిచేసిందో చూడడం. బీఎడ్‌లో కాఠిన్యతా సూచిక, విచక్షణా సూచిక అని చదివి పరీక్ష రాసి వదిలేసిందే. దాన్ని చేతులతో చేసి చూడాలి. మొదటిసారికి ఎక్సెల్ చాలు.

ఒక ఉదాహరణ చూపిస్తాను. అంకెలు నేను కల్పించినవే గానీ పద్ధతి అసలైనదే. 150 మంది రాసిన పేపరు. మొత్తం మార్కుల ప్రకారం వరుస పెట్టి పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీసుకుంటే చెరో 40 మంది. ప్రశ్న: 0.3 × 0.2 = ? ఐచ్ఛికాలు 0.6, 0.06, 6, 0.006. పై 40 మందిలో 26 మంది 0.06 పెట్టారు, 12 మంది 0.6, మిగతా రెండింటికీ ఒక్కొక్కరు. కింది 40లో 9 మంది 0.06, 25 మంది 0.6, నలుగురు 6, ఇద్దరు 0.006.

కాఠిన్యత, అంటే రెండు గుంపుల్లో ఒప్పు పెట్టినవాళ్ల వంతు, (26+9)/80 = 0.44. విచక్షణ, అంటే పై గుంపుకూ కింది గుంపుకూ ఉన్న తేడా, (26−9)/40 = 0.43. ప్రశ్న మంచిదే. విచక్షణ 0.3 దాటితే బాగున్నట్టు, 0.2 లోపుంటే మళ్లీ చూడాలి, రుణాత్మకంగా వస్తే ముందు కీ చూడాలి, తర్వాతే ప్రశ్నను అనుమానించాలి. అసలు విషయం ఐచ్ఛికాల్లో ఉంది. కింది గుంపులో 25 మంది 0.6 దగ్గరే ఆగారంటే వాళ్లకు 3 × 2 వచ్చు, దశాంశ స్థానాలు కలపడం రాదు. అది రేపు తరగతిలో చెప్పాల్సిన పాఠం. 0.006ను 80 మందిలో ముగ్గురే ముట్టుకున్నారు, కాబట్టి అది పనిచేయని డిస్ట్రాక్టర్ (తప్పు ఐచ్ఛికం). తీసేసి 0.5 పెడితే గుణకారం బదులు కూడిక చేసేవాళ్లు అందులో పడతారు.

తర్వాత విశ్వసనీయత, అంటే ఆ పేపరు మార్కులు ఎంత నిలకడైనవన్నది. దాన్ని లెక్కగట్టే సూత్రం ఒప్పు-తప్పు బిట్లకు కేఆర్-20, పాక్షిక మార్కులుంటే క్రాన్‌బాక్ ఆల్ఫా. ఆ సంఖ్య రాగానే ఆగిపోకండి, దాన్నుంచి కొలత దోషం (ఒక మార్కు అటూ ఇటూ ఎంత ఊగొచ్చో) లెక్కగట్టండి. 40 మార్కుల పేపర్లో ప్రామాణిక విచలనం 7, విశ్వసనీయత 0.84 అనుకుందాం. దోషం = 7 × √(1−0.84) = 7 × 0.4 = 2.8. పాస్ మార్కు 20 అయితే 18 వచ్చిన పిల్లాడికీ 20 వచ్చినవాడికీ తేడా ఉందని ఆ పేపరు గట్టిగా చెప్పలేదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క వాక్యం అర్థమై చెప్పగలిగితే సగం పని అయినట్టే.

ఎక్కడ చెడుతుందంటే, ఎక్కువగా ఎంట్రీలోనే. ఏ, బీ, సీ, డీ సెట్లుగా కలగలిపి ఇచ్చిన పేపరైతే అన్నిటినీ ఒకే మాస్టర్ వరుసలోకి మార్చుకోవాలి. మార్చకుండా ఏ సెట్ కీతో దిద్దితే మిగతా మూడు సెట్ల పిల్లలందరికీ పావు వంతు దగ్గర మార్కులు వస్తాయి, ప్రశ్నలన్నీ కఠినంగా కనిపిస్తాయి. ఇక ఖాళీలు రెండు రకాలు. మధ్యలో వదిలేసింది తెలియక వదిలింది, సున్నా. చివరి ఐదారు బిట్లు వరుసగా ఖాళీ అంటే టైమ్ చాలలేదు, దానికి వేరే కోడ్ పెట్టండి. అలాంటివి ఎక్కువుంటే ఆల్ఫా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, పేపరు బాగుందని మురిసిపోతాం. తెలుగు అక్షరాలున్న షీటును యూటీఎఫ్-8 ఎంచుకోకుండా సీఎస్వీగా సేవ్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే మిగులుతాయి.

లాజిట్:
పైదానికి కొనసాగింపు. ఇది వచ్చాక ఆర్‌లోకి రండి. సైక్ ప్యాకేజీతో ఆల్ఫా, టామ్ లేదా ఎమ్‌ఐఆర్‌టీ ప్యాకేజీతో రాష్ మోడల్ (ఐటమ్ రెస్పాన్స్ థియరీలో సరళమైనది, ప్రశ్నకు కాఠిన్యత ఒక్కటే లెక్కగడుతుంది). 150 మందితో రాష్ నడుస్తుంది, మధ్యస్థ ప్రశ్నల కాఠిన్యతలో ప్రామాణిక దోషం 0.2 లాజిట్‌కు (ఆ మోడల్ కొలమానంలో యూనిట్) అటూ ఇటూ ఉంటుంది. అదే డేటాకు, కాఠిన్యతతో పాటు విచక్షణనూ లెక్కగట్టే రెండు పరామితుల మోడల్ వేస్తే విచక్షణ విలువలు ఎటో ఎగిరిపోతాయి. దానికి 500 మంది, గుడ్డిగా ఊహించి పెట్టడాన్నీ కలుపుకునే మూడు పరామితుల మోడల్‌కు 1000 మంది అయినా ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క.

సాధనకు పిసా (15 ఏళ్ల పిల్లల అంతర్జాతీయ సర్వే) 2022 డేటా ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్కో విద్యార్థికి ఒకే మార్కు ఉండదు, పది ప్లాజిబుల్ వాల్యూస్ (అతని సామర్థ్యం ఎంత ఉండొచ్చో చెప్పే పది అంచనాలు) ఉంటాయి. కొత్తవాళ్లు ఆ పదింటి సగటు తీసి విద్యార్థి మార్కుగా వాడేస్తారు. అలా చేస్తే వ్యాప్తి కుంచించుకుపోతుంది. పదింటితో విడివిడిగా పదిసార్లు విశ్లేషణ చేసి చివర్లో ఫలితాలను కలపాలి. 80 రెప్లికేట్ వెయిట్లు (శాంపిల్ వల్ల వచ్చే దోషాన్ని లెక్కగట్టడానికి డేటాతో పాటే ఇచ్చే బరువులు) కూడా వాడాలి, లేకపోతే దోషం తక్కువగా వస్తుంది.

ఓవర్సీస్_ఫైల్:
వీసా, డబ్బు సంగతి. ఆక్స్‌ఫర్డ్ కోర్సు పార్ట్‌టైమ్ కాబట్టి దాని మీద ఇంగ్లండ్‌లో కాపురం పెట్టే స్టూడెంట్ వీసా ఆశించకండి. అమెరికా అయితే అడ్మిషన్ రాగానే ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఏ సీఐపీ కోడ్ (కోర్సు వర్గీకరణ నంబరు) పడుతుందో యూనివర్సిటీకి రాసి అడగండి. 13.0601, 13.0603 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్నాయి. వాటికి 12 నెలల ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి) మీద ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. డిగ్రీ పేర్లో మెజర్‌మెంట్ ఉంది కదా, స్టెమే అయ్యుంటుందిలే అనుకోవడం వల్ల రెండేళ్లు పోగొట్టుకోవచ్చు.

అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తుంది గానీ కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. స్కూల్ అసిస్టెంట్ జీతంతోనే అది దాటిపోతుంది. కాబట్టి మీకు బ్యాంకు లోనో, యూనివర్సిటీ ఇచ్చే అసిస్టెంట్‌షిప్పో దిక్కు. అసిస్టెంట్‌షిప్‌లు ముందు పీహెచ్‌డీ వాళ్లకు పోతాయి, ఆర్ వచ్చినవాళ్లకు మిగతావి. శాఖ అనుమతి ఫైలు అడ్మిషన్ వచ్చాక కాదు, దరఖాస్తు చేసేటప్పుడే కదిలించండి.

ఎస్ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నారో దరఖాస్తుతో రాసిచ్చే వ్యాసం) చిన్నప్పటి నుంచీ టీచర్ కావాలనే కల అని మొదలుపెట్టకండి. ఒక కొలత సమస్యతో మొదలుపెట్టండి. సిఫారసు లేఖ కూడా పెద్ద హోదా ఉన్నవాళ్ల కంటే మీ విశ్లేషణ చూసినవాళ్లు రాస్తేనే పనికొస్తుంది.

రెండు_భాషలు:
ఆ కొలత సమస్య మన బడుల్లోనే ఉంది. ఇక్కడ పాఠ్యపుస్తకాలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. ప్రశ్నపత్రాన్ని కూడా రెండు భాషల్లో ఇస్తే ఆ రెండు ప్రశ్నలూ ఒకటేనా? "సమద్విబాహు త్రిభుజంలో ఎన్ని భుజాలు సమానం?" అని అడిగితే జవాబు పేరులోనే ఉంది. సమ, ద్వి, బాహు. "ఐసోసెలెస్" అన్న మాటలో ఇంగ్లిష్ మీడియం పిల్లాడికి ఏ ఆసరా లేదు. పంచభుజి, పెంటగాన్ కూడా అంతే. లవం, హారం దగ్గర ఈ లాభం ఉండదు. రెండు మీడియాల పిల్లలకూ అది బట్టీ పట్టాల్సిన మాటే.

సామర్థ్యం సమానంగా ఉన్న రెండు గుంపుల్లో ఒక గుంపుకే ప్రశ్న తేలికవడాన్ని డిఫ్ అంటారు. మాంటెల్-హెన్‌జెల్ పద్ధతితో పట్టుకోవచ్చు, ఆర్‌లో డిఫ్ఆర్ ప్యాకేజీ ఉంది. గుంపుకు 200 మందైనా ఉంటే నయం. ఒక గుంపు సగటు ఎక్కువగా ఉన్నంత మాత్రాన డిఫ్ కాదు. మొత్తం మార్కులు సమానంగా వచ్చినవాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చాకే ఆ మాట అనాలి.

లెక్కల_టీచర్:
అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఎప్‌సెట్‌లో చేసే నార్మలైజేషన్, లాజిట్ గారు చెప్పిన ఈక్వేటింగ్ ఒకటేనా? రెండోది, నా దగ్గర దొరికేది పదో తరగతి ప్రీఫైనల్ పార్ట్-బి, 20 బిట్లు. అది సరిపోతుందా? ఉద్యోగాల సంగతి ఎవరూ చెప్పలేదు.

లాజిట్:
కాదండి. ఎప్‌సెట్ సూత్రంలో మొత్తం అభ్యర్థుల సగటు, ప్రామాణిక విచలనాల మొత్తం ఒక కొస. పై 0.1 శాతం మంది సగటు మార్కు ఇంకో కొస. ఒక షిఫ్టులోని ఈ రెండు బిందువులను మొత్తం మీది రెండు బిందువులకు సరళరేఖతో కలుపుతారు. గేట్‌లోనూ ఇదే పోలిక. జేఈఈ మెయిన్ దారి వేరు, షిఫ్టులోపల పర్సంటైల్ తీస్తారు. రెండింటి వెనకా ఉన్న ఊహ ఒకటే: ఏ షిఫ్టులోనైనా పిల్లల సామర్థ్యం ఇంచుమించు ఒకేలా ఉందని.

ఈక్వేటింగ్‌కు ఆ ఊహ అక్కర్లేకుండా చేసుకోవచ్చు. రెండు పేపర్లలోనూ కొన్ని ప్రశ్నలు ఉమ్మడిగా పెడతారు, పేపర్లో సుమారు ఐదో వంతు. వాటిలో ఏ గుంపు ఎలా చేసిందో చూసి, తేడా పిల్లలదా పేపరుదా అని విడదీస్తారు. మన ప్రవేశ పరీక్షల్లో ఇది ఎందుకు కుదరదంటే, పరీక్షయ్యాక ప్రశ్నలు, కీ బయటపెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి. ఉదయం షిఫ్టు ప్రశ్నలు సాయంత్రానికల్లా కోచింగ్ సెంటర్ల గ్రూపుల్లో ఉంటాయి. ఇక ఉమ్మడి ప్రశ్న ఎక్కడ మిగులుతుంది?

ఉద్యోగాలంటే ఎన్‌సీఈఆర్‌టీ కింద 2023లో వచ్చిన పరఖ్ అనే జాతీయ మూల్యాంకన కేంద్రం ఉంది, 2024 డిసెంబర్‌లో 3, 6, 9 తరగతులకు జాతీయ సర్వే చేసింది వాళ్లే. రాష్ట్రాల్లో ఎస్‌సీఈఆర్‌టీలు, ఏసర్ సర్వే చేసే ప్రథమ్, ఎడ్యుకేషనల్ ఇనిషియేటివ్స్ లాంటి సంస్థలు ఉన్నాయి. ప్రభుత్వం వైపు చాలావరకు కాంట్రాక్టు, డిప్యుటేషన్ పనులే. లియన్ (ఇప్పటి పోస్టు మీద హక్కు) పోగొట్టుకోకుండా వెళ్లడం మంచిది.

బిట్‌పేపర్:
20 బిట్లు మొదలుపెట్టడానికి చాలు, విశ్వసనీయత మాత్రం తక్కువొస్తుంది, కంగారు పడకండి. 20 బిట్లకు 0.60 వస్తే అలాంటివే 40 బిట్లకు 1.2/1.6, అంటే 0.75 వస్తుందని స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం చెబుతుంది. పక్క బడుల నుంచి కూడా తెచ్చి 150 మందికి తక్కువ కాకుండా చూసుకోండి. హెచ్ఎంల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి కోడ్ నంబర్లు ఇవ్వండి.

ఒక్కటి మాత్రం మరవద్దు. ఒప్పుకు 1, తప్పుకు 0 అని ఎంటర్ చేయకండి. బ్రాకెట్లో పిల్లాడు ఏ అక్షరం రాశాడో అదే ఎక్కించండి, కొట్టేసి రెండోది రాస్తే రెండోదే. కీతో సరిచూసి 1, 0 చేసే పని ఎక్సెల్ చూసుకుంటుంది. 1, 0లు మాత్రమే ఉంటే ఆ 25 మంది 0.6 రాశారన్న సంగతి పేపర్ల కట్ట మళ్లీ విప్పితే తప్ప తెలియదు. ప్రీఫైనల్ పేపర్లు అప్పటికి పిల్లల చేతికి ఇచ్చేసి ఉంటారు.