కాలువ గట్టున కనిపించేవన్నీ కొంగలేనా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. కాలువల వెంబడి నడుస్తూ నీటిపక్షులను చూసేవాళ్ల కోసం రాసిన ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. మూడో పేజీ దగ్గరే పని ఆగిపోయింది. హెరాన్ అని ఉన్నచోట కొంగ అని రాశాను. కింది పేరాలో ఈగ్రెట్ వచ్చింది, అదీ కొంగే. ఆపైన స్టార్క్, ఆ తర్వాత క్రేన్. నిఘంటువు తీస్తే నాలుగింటికీ కొంగ అనే చెబుతోంది. ఈ నాలుగింటి మధ్య తేడా ఎలా పట్టాలో చెప్పే పేరా తెలుగులోకి వచ్చేసరికి అర్థమే లేకుండా పోయింది. ఇంగ్లీషు పేర్లనే తెలుగు లిపిలో పెట్టేయాలా? మనకు వేరే మాటలేమైనా ఉన్నాయా?

జవాబు:
ఇంగ్లీషు పేర్లు పెట్టేయకండి, దయచేసి. మనకు మాటలున్నాయి. కాకపోతే నిఘంటువులో కొంగ దగ్గర వెతికితే దొరకవు.

ముందు కొంగ సంగతి చూద్దాం. ఇది పాత ద్రావిడ మాట. తమిళ మలయాళాల్లో కొక్కు, కన్నడంలో కొక్కరె. మనకూ కొక్కెర అనే రూపం ఉంది, ఇప్పుడు వాడేవాళ్లు తక్కువ. ఈ మాట ఎక్కడా ఒక్క పక్షికే కట్టుబడి ఉండలేదు. కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు అనే ఊరుంది. ఆ ఊరికి పేరు తెచ్చినవి అక్కడి చెట్ల మీద గూళ్లు పెట్టే స్టార్కులు, గూడబాతులు. గూడబాతంటే పెలికాన్. అయినా ఊరి పేరులో ఉన్నది కొక్కరే. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, పొడుగు ముక్కు ఉండి, నీళ్లలో దిగి నిలబడితే చాలు, జనానికి అది కొంగ. కంటికి ఆనిన ఆకారాన్ని బట్టి పుట్టిన మాట ఇది, కుటుంబాన్ని బట్టి పుట్టింది కాదు. ఇంగ్లీషులో మాత్రం అంతా ఖచ్చితంగా ఉందనుకోకండి. ఐర్లండులో చాలామంది హెరాన్‌ను క్రేన్ అనే అంటారు. ఇక ఈగ్రెట్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలార్థం ‘చిన్న హెరాన్’ అనే. కాబట్టి ఈ రెండింటికీ మీరు కొంగ అని రాయడంలో తప్పేమీ లేదు.

చిక్కంతా మిగతా రెండింటితోనే. గట్టు మీద నిలబడి చూసేవాడికి ఆ తేడా పక్షి లేచినప్పుడు తెలుస్తుంది. హెరాన్లు, ఈగ్రెట్లు ఎగిరేటప్పుడు మెడను వెనక్కి మడిచి, తలను భుజాల మధ్యకు లాక్కుంటాయి. కింద నుంచి చూస్తే గొంతు దగ్గర సంచి కట్టినట్టు ఉబ్బుగా కనిపిస్తుంది. స్టార్కులు, క్రేన్లు మెడను ముందుకు చాచి, కాళ్లను వెనక్కి చాచి, ఈటె విసిరినట్టు పోతాయి. ఈ ఒక్క గుర్తు చాలు, దూరం నుంచి కూడా చాలావరకు పొరబడరు. కొంగ మెడ అలా మడవడానికి కారణం ఎముకల్లోనే ఉంది. మెడలోని 6వ వెన్నుపూస మిగతావాటి కన్నా పొడవు. అక్కడ మెడకు ఒక మడత పడుతుంది. చేపను పొడిచేటప్పుడు ఆ మడతే ఒక్కసారిగా విప్పుకుంటుంది.

ఇప్పుడు పేర్లు. పెద్ద బూడిదరంగు హెరాన్‌కు తెలుగులో నారాయణ పక్షి అని పేరు. గట్టు పక్కన మట్టిరంగులో ముడుచుకుని కూర్చునే చిన్నది గుడ్డి కొంగ. ఈగ్రెట్ తెల్లకొంగ. క్రేన్‌కు మనకు సొంత మాట ఉంది: బెగ్గురు. సంస్కృతంలో సారసం. స్టార్కుకు మాత్రం విడి మాట లేదు. వాటి పేర్ల చివర కొంగ ఉంటుంది, కానీ ముందు ఏదో ఒక గుర్తు తగిలించి పిలుస్తారు: నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ. అందుకని నా సలహా ఇది. విడిగా ‘కొంగ’ అన్నప్పుడల్లా హెరాన్, ఈగ్రెట్ కుటుంబమే కావాలి. స్టార్కు వచ్చినప్పుడు పేరు మొత్తం రాయండి, ఒట్టి కొంగ అని ఒక్కచోట కూడా వదలకండి. క్రేన్‌కు బెగ్గురు.

మరో సభ్యులు:
బెగ్గురు బాగానే ఉందండీ, కానీ ఇవాళ చదివేవాళ్లలో ఎంతమందికి తెలుస్తుంది? క్రేన్ అంటేనైనా వెంటనే అర్థమవుతుంది కదా.

జవాబు:
క్రేన్ అనగానే ఇవాళ మన కళ్లముందు మెదిలేది బరువులెత్తే యంత్రమండీ, పక్షి కాదు. ఆ యంత్రానికి పేరొచ్చింది ఈ పక్షి మెడను చూసే అయినా, తెలుగులో యంత్రమే మిగిలింది. బెగ్గురు తెలియదంటారా, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం ఎక్కువ రాస్తే తెలుస్తుంది. ‘మెడ చాచి ఎగిరే, బాకా ఊదినట్టు అరిచే పెద్ద పక్షి’ అంటే సరిపోతుంది. బాకా అని ఊరికే అనలేదు. చాలా బెగ్గురు జాతుల్లో గొంతునాళం చాలా పొడవుగా, రొమ్ము ఎముక దగ్గర చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆ అరుపు అంత దూరం వినిపించడానికి కారణం అదే. ఆడా మగా కలిసి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ కూస్తాయి. రామాయణంలో జంట విడిపోయి ఏడ్చిన క్రౌంచం ఈ సారస పక్షే అయి ఉంటుందని అనేవాళ్లున్నారు. నేనూ ఆ మాటకే మొగ్గుతాను. పెద్దయ్యాక స్టార్కుకు కూత దాదాపు ఉండదు, ముక్కు టకటకలాడిస్తుంది, అంతే. కొంగ కూత బొంగురుగా, గొంతు రాసుకున్నట్టు ఒక్క ముక్కలో అయిపోతుంది. చూపు ఆననప్పుడు చెవి పనికొస్తుందని ఆ పేరాలో చేర్చగలిగితే చేర్చండి.

ఇంకో సభ్యురాలు:
నాకు చాలా రోజుల నుంచి ఒక బాధ ఉంది. కొంగజపం, బకధ్యానం అంటూ ఈ పక్షిని మోసగాడికి గుర్తు చేసేశాం. గుడ్డి కొంగ అనే పేరూ అలాంటిదే. చూపున్న పక్షిని గుడ్డిది అనడమేమిటి?

జవాబు:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఆ మాటలు పుట్టించినవాళ్లు పక్షిని ఎంత దగ్గరగా చూశారో కూడా గమనించండి.

ఒకసారి లాకు దిగువన, తలుపుల సందుల్లోంచి నీళ్లు కారి మడుగు కట్టినచోట, ఒక నారాయణ పక్షిని దాదాపు ముప్పావుగంట చూశాను. రాయి మీద ఒంటికాలి మీద ఉంది. తర్వాత రెండో కాలు దించింది. నీళ్లలోకి పెట్టినప్పుడు చిన్న అల కూడా లేవలేదు. ఆ తర్వాత ఒళ్లు అసలు కదల్లేదు. మెడ మాత్రం గడియారం ముల్లులా ముందుకు వస్తోంది. కదులుతున్నప్పుడు తెలియదు, కాసేపాగి చూస్తే ముందున్నచోట ఉండదు. పొడవడం నేను చూడలేకపోయాను. రెప్ప వేసి తెరిచేసరికి ముక్కులో చేప ఉంది. దాన్ని ఎగరేసి పట్టుకుని, తల ముందు పోయేలా తిప్పుకుంది. తోక వైపు నుంచి మింగితే ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి కదా. మెడలో ఉబ్బు కిందికి దిగుతూ కనిపించింది. ఆపైన రెండు గుక్కలు నీళ్లు తాగి, కాలు పైకెత్తి మెడ దువ్వుకుంది. కొంగ నడిమివేలి గోటికి ఒక పక్క దువ్వెన పళ్లలాంటి అంచు ఉంటుంది. రొమ్ము మీద పొడిలా రాలే ప్రత్యేకమైన ఈకలుంటాయి. చేప జిగురు అంటినచోట ఆ పొడి అద్ది, గోటితో దువ్వేస్తుంది.

ఆ కదలని నిలుపుకు జపం కన్నా తగిన మాట ఏముంది? ఆ మాట తిట్టేది అలా నటించే మనిషిని. కొంగ నటించడం లేదు, ఆకలికి తపస్సే చేస్తోంది. పంచతంత్రంలో ముసలి కొంగ కథ చేపల పక్షాన చెప్పిన కథ, అందులో కొంగ మోసగాడు కాక తప్పదు. ఆ కథ అల్లినవాడూ పక్షిని ఎరిగినవాడే. ఎండ్రకాయ చేత కొంగ మెడే కొరికించాడు, దాని బలమంతా ఉన్నచోట.

గుడ్డి కొంగ సంగతి కూడా ఇలాంటిదే. హిందీలోనూ దీన్ని గుడ్డి కొంగ అనే అంటారు, అంధా బగులా అని. మనిషి దగ్గరికి వచ్చేదాకా లేవదు, అందుకని కళ్లు కనబడవనుకున్నారు. నిజానికి అది మనల్ని ఎప్పుడో చూసింది. తన ఒంటి గీతలు ఎండిన తుంగలో, బురదలో కలిసిపోతాయన్న ధైర్యంతో కూర్చుంది. మనం ఇంకో అడుగు వేసి దాదాపు మీదికి వచ్చేశాక, మట్టిముద్దలోంచి రెండు తెల్లటి రెక్కలు విచ్చుకుంటాయి. అప్పటిదాకా కనబడనిది మనకే. పేరు మాత్రం దానికి పడింది. మార్చమని నేననను, ఆ పేరులో చూసినవాడి పొరపాటు కూడా భద్రంగా ఉంది. పుస్తకంలో ఒక్క వాక్యంలో ఈ సంగతి చెబితే పక్షికి న్యాయం జరుగుతుంది.

అడిగినవారు:
చాలా సంతోషమండీ. తెల్లకొంగల్లో పెద్దది, చిన్నది ఎలా రాయాలి? ఇంకా కాలువ మీద రాత్రిపూట అరిచే కొంగ, రెక్కలు ఆరబెట్టుకునే నల్లపక్షి, మునిగి ఎక్కడో తేలే చిన్న బాతు కూడా ఉన్నాయి.

జవాబు:
తెల్లకొంగలకు కాళ్లు చూడమనండి. చిన్నదానికి ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. ఆ పాదంతో బురదను వణికించి, దాక్కున్నవాటిని కదిలిస్తుంది. పెద్దదానికి పాదాలు కూడా నలుపే. ముక్కు రంగును నమ్ముకోవద్దని రాయండి, పెద్దదాని ముక్కు మామూలుగా పసుపే అయినా గూడు కట్టే రోజుల్లో నల్లబడుతుంది. పశువుల వెంట తిరిగేది పొట్టి మెడది, ఆ రోజుల్లో దాని తలకూ రొమ్ముకూ నారింజ రంగు పడుతుంది.

రాత్రి కొంగ చింతవక్క. వింటే ‘వక్’ అని ఒక్కసారే అరిచి వెళ్లిపోతుంది, ఆ పేరు చివర నాకు ఆ కూతే వినిపిస్తుంది. రెక్కలు ఆరబెట్టుకునేది నీటికాకి. దీని ఈకలు నీటిని పీల్చుకుంటాయి, మునిగినప్పుడు అడుగుకు పోవడానికి అది సాయం, బయటికొచ్చాక ఆరబెట్టుకోవడం పని. ఇంగ్లీషు కార్మొరాంట్ మూలం లాటిన్‌లో ‘సముద్రపు కాకి’. అంత దూరాన ఉన్నవాళ్లకూ మనకూ తట్టింది ఒకే పక్షి! మునిగి తేలేది బాతు కాదు, బుడబుంగ. పైకి రెండుసార్లు అనుకుని చూడండి, మునిగిన చప్పుడు ఆ పేరులోనే ఉంది. ఈ పేరును మాత్రం వదులుకోకండి.

అడిగినవారు:
రాసుకున్నాను. గుడ్డి కొంగ పేరా చివరి వాక్యం ఇలా తిరగరాశాను, చూడండి: ‘మీరు మట్టిపెళ్ల అనుకున్నది అకస్మాత్తుగా తెల్లటి రెక్కలతో ఎగురుతుంది.’

జవాబు:
అన్నీ బాగున్నాయి, ‘ఎగురుతుంది’ ఒక్కటే మార్చండి. ఎగరడం ఆకాశంలో జరిగే పని. నేలను, నీటిని వదిలే ఆ క్షణానికి మనవాళ్లు లేవడం అంటారు. కొంగ లేచింది, పిట్టలు లేచాయి అనే కదా అంటాం. ‘అకస్మాత్తుగా’ కూడా అక్కర్లేదు, లేవడంలోనే అది ఉంది. ‘మీరు మట్టిపెళ్ల అనుకున్నది తెల్లటి రెక్కలతో లేస్తుంది.’

అడిగినవారు:
మార్చేశాను. రేపు పొద్దున్నే కాలువ గట్టుకు వెళ్లి, అది లేచేటప్పుడు ఈ వాక్యం ఒకసారి పైకి చదివి చూస్తాను.