సమస్య: "తీగ తీసిన పాటకే తీపి హెచ్చె"

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం. తీగ తీసేస్తే పాట మూగబోవాలి కదా, తీపి ఎలా పెరుగుతుంది? షానియా ట్వైన్ 'యూ ఆర్ స్టిల్ ద వన్' (1998) లాగా కంట్రీ (అమెరికా పల్లెబాణీ సంగీతం) నుంచి పాప్‌లోకి దాటిన ప్రేమపాటల పరంగా పూరించండి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం తొలి అక్షరం యతిస్థానం, అంటే పాదం తొలి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాస నియమం లేదు.

మొదటి పూరణ

వలపు పాటను షానియా పాడినంత
జారు తీగల వేదన జనులు మెచ్చ
పాపు రేడియో కోసమై పదును పెట్టి
తీగ తీసిన పాటకే తీపి హెచ్చె.

నిర్వాహకుడు: అయ్యా, మీ పూరణ ప్రశస్తంగా ఉంది. 'జారు తీగలు' పెడల్ స్టీల్ గిటారుకు అతికినట్టు సరిపోయింది. ఆ వాద్యానికి మెట్లుండవు, గుర్తు గీతలే. సాధారణంగా పది తీగలు, ఎడమచేతిలో ఉక్కు కడ్డీ. కాలికింద పెడల్ నొక్కగానే స్వరం సాగి పక్క స్వరంలోకి జారుతుంది. ఆ జారుడు వినబడితే చాలు, అమెరికాలో శ్రోత 'ఇది కంట్రీ' అనేస్తాడు. గొంతు పలికే స్థాయిలోనే అదీ పలుకుతుంది కాబట్టి, అది తప్పుకుంటే గాయని గొంతు ముందుకొస్తుంది. షానియా పాట ఉన్న 'కమ్ ఆన్ ఓవర్' ఆల్బమ్ 1997 నవంబరులో వచ్చింది. తర్వాత అంతర్జాతీయ విడుదల కోసం ఫిడేలు, స్టీల్ తగ్గించి మళ్ళీ మిక్స్ చేశారు. మీ మూడో పాదం సరిగ్గా అదే. 'వలపు–పాడి' యతి గురించి సందేహం వద్దు, పవర్గంతో వకారానికి మైత్రి ఉంది.

రెండవ పూరణ

నాష్విలందున పుట్టిన నవ్య గీతి
స్టీలు గిటారు పాడగ చేరె పల్లె
పట్నవాసపు చెవికదే బరువు కాగ
తీగ తీసిన పాటకే తీపి హెచ్చె.

నిర్వాహకుడు: కంట్రీ సంగీతానికి పేరున్న అమెరికా నగరం నాష్‌విల్‌తో ఎత్తుకున్న భావం చక్కగా ఉంది. రెండో పాదంలో గణభంగం. 'గిటారు' లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. "స్టీలు తంత్రులు పాడగ చేరె పల్లె" అంటే 'తంత్రులు' భగణమై (గురువు, రెండు లఘువులు) కుదురుతుంది.

ఒక సభ్యురాలు: ఇది లోన్‌స్టార్ బృందం 'అమేజ్డ్'కి బాగా నప్పుతుందండీ. 1999లో బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానం, పాప్ రీమిక్స్ తర్వాత 2000 మార్చిలో అన్ని రకాల పాటలకూ ఆ పత్రిక వేసే పట్టిక హాట్ 100లోనూ మొదటి స్థానం. 1983లో కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్ పాడిన 'ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్' తర్వాత రెండు పట్టికలనూ గెలిచిన మొదటి పాట ఇదే. అయితే స్టీల్ ట్రాక్ ఒక్కటీ మూసేస్తే పని కాదు. చరణంలో గాయకుడు ఊపిరి తీసుకునే చోట జవాబిచ్చేది అదే. తీసేస్తే అక్కడ గుంట పడుతుంది. కీబోర్డో వయొలిన్లో పరిచి ఆ గుంట పూడ్చాలి. డ్రమ్స్ కూడా కాస్త పైకి తేవాలి, లేకపోతే పాట పలచబడుతుంది.

మూడవ పూరణ

కంట్రి మెట్టెక్కి శిఖరము గైకొనంగ
పాపు పట్టికలో మేటి పదవి నెక్కె
చేయి తిరిగిన వారలు జీవమెరిగి
తీగ తీసిన పాటకే తీపి హెచ్చె.

నిర్వాహకుడు: గణాలూ యతులూ నిర్దోషం. 'చే–జీ' యతి ముచ్చటగా ఉంది. 'జీవమెరిగి' అన్నది ఈ పద్యానికే ప్రాణం. ఏది తీయాలో తెలిసినవాడే తీయగలడు. షానియా పాట నిర్మాత మట్ లాంగ్ అంతకుముందే డెఫ్ లెపర్డ్ వంటి రాక్ బృందాలతో పనిచేసిన మనిషి.

కానీ షానియా పాటను ఉద్దేశించి రాస్తే రెండో పాదంలో విషయదోషం ఉంది. కంట్రీలో మొదటి స్థానం నిజమే. హాట్ 100లో మాత్రం రెండో స్థానంలోనే తొమ్మిది వారాలుంది. "పాపు పట్టికలో రెండు వద్ద నిలిచె" అనండి. 'పా–వ' యతి చెల్లుతుంది, గణాలు చెడవు.

మూడవ పూరణ కవి: సవరణకు ధన్యవాదాలండీ, అలాగే మారుస్తాను.

నిర్వాహకుడు: ఇంకా పూరించేవారికి ఒక ఊహ. పాప్ శ్రోతలు అంతగా నెత్తిన పెట్టుకున్న షానియా పాటకు 1999లో దక్కిన రెండు గ్రామీ పురస్కారాలూ కంట్రీ విభాగాలవే. తీగ తీసినా పుట్టిల్లు వదలని ఈ సంగతిని ఇంకా ఎవరూ పద్యంలో పెట్టలేదు.