పాత అవుట్‌బోర్డుకి నీళ్ళు సన్నగా వస్తున్నాయి, థర్మోస్టాట్ తీసేయొచ్చా?

కోనసీమ బోటు:
పడవ వెనక తగిలించే పాత 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజనన్నా. అంతర్వేది వైపు ఏట్లో తిప్పుతాం, అప్పుడప్పుడు మొగ దాటి సముద్రంలోకి కూడా. ఈమధ్య ఇంజనుని చల్లార్చి పక్క కన్నంలోంచి బయటికొచ్చే నీళ్ళు స్లోలో చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, రేజ్ చేస్తే కాస్త ధార కడతంది. హెడ్డు మీద చెయ్యి ఆనట్లేదు. ఇక్కడ మెకానిక్ థర్మోస్టాట్, అదే ఇంజను వేడెక్కాక తెరుచుకుని నీళ్ళు వదిలే మూత, పీకి అవతల పారెయ్ అంటున్నాడు. తీసేస్తే ఏమన్నా అవుద్దా?

ఉప్పాడ సరంగు:
తీసెయ్ తమ్ముడూ, ఆలోచించకు. ఉప్పు నీళ్ళలో తిరిగే ఇంజనుకి అదెందుకసలు? ఉప్పు పేరుకుని మూతబడి అలాగే పట్టేసిందంటే నడిసముద్రంలో ఇంజను జామ్ అవుద్ది, అప్పుడెవరొచ్చి లాగుతారు? మనదేమన్నా మంచు కురిసే దేశమా. మా రేవులో చాలా బోట్లకి లేదు, అన్నీ వేటకెళ్ళి వస్తానే ఉన్నాయి.

గట్టు మీద మెకానిక్:
సరంగు గారూ, సముద్రం మీద మీ భయం న్యాయమే కానీ ఆ తమ్ముడి రోగం అది కాదండి. చాలా మోడళ్ళలో పక్క కన్నానికి వచ్చే నీళ్ళు థర్మోస్టాట్ దాకా వెళ్ళకముందే పక్కకి తీస్తారు, అంటే థర్మోస్టాట్ మూసుకుపోయినా ధార బాగానే వస్తది, కాకపోతే వేడిగా వస్తది. ఇక్కడ ధారే సన్నబడింది కాబట్టి తేడా కింద ఉంది, నీళ్ళు లోపలికి పీల్చే జాలీలోనో, పంపులో నీళ్ళు తోసే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్)లోనో, పైకెళ్ళే గొట్టంలోనో, లేదా ఆ కన్నంలోనే. థర్మోస్టాట్ పీకితే ఇంజను కాస్త చల్లగా అనిపించి అసలు జబ్బు దాగుద్ది, అరిగిపోయిన పంపు అలాగే ఉండి ఏదో ఒకరోజు ఫుల్ స్పీడులో పిస్టన్ పట్టేస్తది.

తమ్ముడూ, చెయ్యి ఆనట్లేదని కంగారుపడకు, 60 డిగ్రీల లోహం మీద ఎవరి చెయ్యీ నిలవదు, ఆ వేడి ఇంజనుకి మామూలే. హెడ్డు మీద నీటిచుక్క వేస్తే చుయ్‌మంటే మాత్రం వెంటనే ఆపెయ్. ముందు కన్నానికి వచ్చే సన్న పైపు ఊడదీసి స్టార్ట్ చెయ్. అక్కడ ధార బాగుంటే కన్నమే పూడింది, లావుపాటి నైలాన్ దారం లోపలికి తోసి తిప్పు. బోటు గట్టున పెట్టినప్పుడు కందిరీగలు మట్టి పెట్టేస్తాయి అందులో. జాలీకి ప్లాస్టిక్ కవరు గానీ గుర్రపు డెక్క గానీ చుట్టుకుందేమో కూడా చూసుకో.

ఉప్పాడ సరంగు:
ధార సంగతి ఒప్పుకుంటా. కానీ థర్మోస్టాట్ వల్ల ఒరిగేదేంటి చెప్పండి? చల్లగా ఉంటే ఇంజనుకి మంచిదేగా?

గట్టు మీద మెకానిక్:
కాదండి. వల వదిలేటప్పుడు గంటల తరబడి స్లోలో ఉంటాం కదా, అప్పుడు మరీ చల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా మండదు, ప్లగ్గు తడిసి నల్లగా మసి పడతది, రింగుల్లో కార్బన్ పేరుకుంటది. పట్టేస్తదని భయమైతే విప్పి గిన్నెలో నీళ్ళు కాగబెట్టి వేసి చూడండి, మామూలుగా 50, 60 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేసుకోండి, పిస్టన్ పట్టేస్తే సిలిండర్ బోరు కొట్టించే ఖర్చు ముందు అదెంత. ఉప్పు పేరుకోకుండా ఉండాలంటే సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో పది, పదిహేను నిమిషాలు స్లోలో నడపాలి, మనవాళ్ళు చెయ్యంది అదే. డ్రమ్ములో నడిపితే నీళ్ళు పంపు పైదాకా ఉండాలి, పొడిగా తిరిగితే రబ్బరు క్షణాల్లో పోతది.

యానాం పడవ:
మధ్యలో వస్తున్నా, లోపల ఉప్పు కరగడానికి బాత్రూం యాసిడ్ కొంచెం కలిపి పంపొచ్చంటారు, నిజమేనా?

గట్టు మీద మెకానిక్:
అస్సలొద్దు బాబూ, లోపలంతా అల్యూమినియం, తినేస్తది. వెనిగర్ నీళ్ళలో తిప్పి తర్వాత మంచినీళ్ళతో కడుగు చాలు.

కోనసీమ బోటు:
పైపు ఊడదీసి చూశానన్నా, అక్కడా సన్నగానే వస్తంది. జాలీ శుభ్రంగా ఉంది.

గట్టు మీద మెకానిక్:
అయితే కింద ఫ్యాను ఉండే గేర్ కేసు దించాల్సిందే, పంపు దాని పైనే ఉంటది. గోదారి ఎర్రనీళ్ళలో తిరిగారు కదా, ఆ ఇసుక రబ్బరునే కాదు దాని స్టీలు కప్పునీ కింద ప్లేటునీ కూడా గీకేస్తది, గోరు పెట్టి గీస్తే గాడి తగిలిందంటే అవీ మార్చాలి, అందుకే వట్టి రబ్బరు కాకుండా కిట్టు మొత్తం తీసుకో. పాత రబ్బరు రెక్కలు లెక్కపెట్టు, ఒక్కటి తక్కువున్నా ఆ ముక్క పై గొట్టంలో ఎక్కడో ఇరుక్కున్నట్టే, అది దొరికేదాకా మూయొద్దు. కొత్తదానికి సబ్బునీళ్ళు రాసి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే షాఫ్టు తిప్పుతూ కప్పు దింపు, రెక్కలు సరైన వైపు వంగుతాయి. బిగించేటప్పుడు నీళ్ళ గొట్టం కింద రబ్బరు బుష్‌లో సరిగ్గా కూర్చుందా లేదా చూసుకో, అది తప్పితే కొత్త పంపు వేసినా సన్నధారే.

ఉప్పాడ సరంగు:
కిట్టు వేయించు తమ్ముడూ, దానికి నేనూ అడ్డం చెప్పను. నా బోటుకి మాత్రం థర్మోస్టాట్ పెట్టను గురువు గారూ, ఒడ్డుకి దూరంగా పోయేవాణ్ణి, మూసుకుపోయే వస్తువు ఇంజన్లో ఉంచుకోలేను.